మీకు తెలుసా? మాట వినకుండానే దిగులును పసిగట్టే ఫోన్!

గదిలో లైటు ఆరింది. చప్పుడు లేదు. ఫోన్ కదల్లేదు, లాక్ తీయలేదు. అంటే మనిషి నిద్రపోయినట్టే! ఈ నాలుగు ఆనవాళ్లతో నిద్ర గంటలు లెక్కకట్టొచ్చని 2013లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో చేసి చూపించారు. ప్రొఫెసర్ ఆండ్రూ క్యాంప్‌బెల్ బృందం ఒప్పుకున్న 48 మంది విద్యార్థుల ఫోన్లలో ‘స్టూడెంట్‌లైఫ్’ అనే యాప్ వేసింది. పది వారాలు, అంటే అక్కడ ఒక టర్మ్, వాళ్ల నిద్రనీ నడకనీ కబుర్లనీ గమనించింది.

మైకు ఆన్‌లో ఉంటే గుట్టంతా బయటపడదా? అందుకే మాటల్ని రికార్డు చేయలేదు. వినిపించేది మనిషి గొంతేనా, కబుర్లు ఎంతసేపు సాగాయి అన్నదే లెక్క. ఎవరు ఎవరిని ఆడిపోసుకున్నా ఫోన్‌కు అనవసరం.

సెలవుల నుంచి హుషారుగా వచ్చిన పిల్లలకు అసైన్‌మెంట్లు మీద పడేకొద్దీ ఒత్తిడి పెరిగింది. నిద్ర తగ్గింది, మాటలూ తగ్గాయి. డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో ఎక్కువ స్కోరు వచ్చినవాళ్లలో ఈ రెండూ తక్కువగానే కనిపించాయి. మాటలు తగ్గి దిగులు వచ్చిందా, దిగులు వచ్చి మాటలు తగ్గాయా? అది మాత్రం ఫోన్ తేల్చలేదు. ఆ తర్వాత 2017 నుంచి 2022 దాకా రెండు వందల మందికి పైగా విద్యార్థులను ఇలాగే గమనించారు. కోవిడ్ రోజులు కూడా అందులోనే పడ్డాయి.

నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. క్లాసుకు ఎవరు వెళ్లారో, ఎవరు ఎగ్గొట్టారో లొకేషన్‌తో పట్టేశారు. తీరా చూస్తే హాజరుకీ మార్కులకీ పొంతనే లేదు! 75 శాతం హాజరు కోసం తంటాలు పడే మన కుర్రాళ్లూ, ఈ కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తకండి. 2013లో గమనించిన విద్యార్థులు 48 మందే, పైగా అందరూ ఒకే కంప్యూటర్ క్లాసు వాళ్లు.

ఇంతా పసిగట్టిన ఫోన్, మూడ్ దగ్గరికి వచ్చేసరికి తనంతట తాను ఊహించకుండా నేరుగా అడిగింది. తెర మీద 16 ఫొటోలు పరిచి, ఇప్పుడు నీ మనసుకు దగ్గరగా ఉన్నదాన్ని తాకమంది.