ఒకే ఓడ, ఒకే పైకప్పు

వర్షం అల్లాహ్ కారుణ్యం. ఒక రమజాను మాసంలో 21వ రాత్రి వాన కురిసి, ఖర్జూరపు మట్టలతో కప్పిన మస్జిదె నబవీ పైకప్పు కారింది. తెల్లవారి నమాజు ముగిసిన పిదప మహాప్రవక్త (సఅసం) నుదుటిపై నీటి గుర్తులు, మట్టి గుర్తులు కనిపించాయని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) తెలిపిన ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ఆ సహనం మనకు ఆదర్శం. అయితే బాగుచేయించుకునే స్తోమత ఉండి కూడా కారుతున్న ఇంటిని అలాగే వదిలివేయడం సహనం అనిపించుకోదు, అది నిర్లక్ష్యం.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల అపార్ట్‌మెంట్లలో నివసించే సోదరులు వానాకాలం వచ్చిందంటే మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. “పై అంతస్తులో మా ఇల్లు కారుతోంది. మరమ్మతు ఖర్చులో పాలు పంచుకోవడానికి క్రింది అంతస్తులవారు ఒప్పుకోవడం లేదు. ‘మా ఇంట్లో చుక్క కూడా పడటం లేదు కదా’ అంటున్నారు. ఇది న్యాయమేనా?”

మహాప్రవక్త (సఅసం) చెప్పిన ఓడ దృష్టాంతాన్ని మేము వారికి గుర్తుచేస్తాము. ఓడలో కొందరికి పై భాగం, కొందరికి క్రింది భాగం వచ్చింది. నీటి కోసం మాటిమాటికీ పైకి వెళ్ళవలసి వస్తున్న క్రిందివారు తమ వాటాలో ఒక రంధ్రం చేసుకుందామనుకున్నారు. వారిని అలా వదిలివేస్తే అందరూ మునుగుతారు, ఆపితే అందరూ గట్టెక్కుతారు. భవనం విషయమూ అంతే. స్లాబులోకి ఇంకిన నీరు లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పుతో ఉబ్బిన ఇనుము కాంక్రీటును పగులగొడుతుంది. నేడు పైవారి గదిలో కనిపించే తడి మరక రేపు భవనం బలాన్నే దెబ్బతీయవచ్చు. మన రాష్ట్రంలో అమలులో ఉన్న 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం కూడా పైకప్పును ఉమ్మడి భాగాలలోనే చేర్చింది. కనుక ఖర్చులో పాలు పంచుకోవడాన్ని పొరుగువారికి చేసే ఉపకారంగా ఎంచరాదు, అది మన బాధ్యత.

లోపలి కప్పుకు రంగు వేస్తే మరక మరుగుపడుతుందే గాని నీరు ఆగదు. పని పైనుంచే జరగాలి. వానలకు ముందే గొట్టాల మూతుల్లోని ఆకులు, చెత్త తీసివేయాలి. నీరు నిలవకుండా గొట్టం వైపు ప్రతి వంద అడుగులకు సుమారు ఒక అడుగు వాలు ఉండాలి. పిట్టగోడ, స్లాబు కలిసేచోట, నీళ్ళ ట్యాంకు క్రింద, కేబుళ్ళ కోసం వేసిన రంధ్రాల వద్ద పగుళ్ళను వెదకి పూడ్చాలి. ఆ తరువాతనే నీరు దిగని పూత వేయించాలి.

ఇంటిని కాపాడుకొంటే సరిపోదు, ఆ నీరు ఎటు పోతుందో కూడా చూడాలి. తాను నష్టపోరాదు, ఇతరులను నష్టపరచరాదు అన్నది షరీఅత్ సూత్రం. మన కప్పు మీది వాననీటిని మురుగు గొట్టంలో కలిపితే వీధిలోని మ్యాన్‌హోల్ పొంగి, పల్లంలో ఉన్న పేదవాని గుమ్మంలోకి మురుగు చేరుతుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల మధ్య 24 గంటల్లో బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్ల వాన పడింది. ఆ లెక్కన 100 చదరపు గజాల కప్పు మీద పడే నీరు దాదాపు 16,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు నిండినట్లే! ఎండాకాలంలో ఐ.టి. ప్రాంతంలో మనం డబ్బు పోసి కొనే నీరు అదే. దానిని ఇంకుడు గుంతలోకి మళ్ళిస్తే ఇల్లు, వీధి, బోరుబావి మూడూ బాగుపడతాయి.

సోదర సోదరీమణులారా! వాన చూసినప్పుడు మహాప్రవక్త (సఅసం) అది ప్రయోజనకరమైన వర్షం కావాలని అల్లాహ్‌ను వేడుకునేవారు. ఈ వానాకాలం ఆ దుఆ చేసి, పొరుగువారితో కలిసి ఒకసారి మేడ ఎక్కి చూద్దాం. మనపై కురిసిన కారుణ్యం మన అలసత్వం వల్ల మరొకరి ఇంట కష్టంగా మారకుండా అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.