ఓడ మీద ఈత కొలను: బిడ్డను చూస్తున్నది ఎవరు?

అమెరికాలో స్థిరపడిన కొడుకు దగ్గరకో, కూతురు దగ్గరకో వెళ్ళిన తల్లిదండ్రులకు ఈ రోజుల్లో ఓడ ప్రయాణం కూడా ఒక ముచ్చట అయింది. పిల్లలకు సెలవులు రాగానే కుటుంబమంతా కలిసి ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామి నుండో, పోర్ట్ కెనావెరల్ నుండో ఓడ ఎక్కి, నాలుగైదు రోజులు బహామా దీవుల వైపు తిరిగి వస్తారు. మన తీరానికి కూడా ఇది కొత్త కాదు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి 'ఎంప్రెస్' ఓడ విశాఖపట్నం వచ్చి ప్రయాణికులను ఎక్కించుకుంది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది.

ఇలాంటి ప్రయాణం అనగానే ఇంట్లో పెద్దవారు సముద్రానికి భయపడతారు. ఆ భయానికి తగిన ఏర్పాట్లు ఓడలో ఉంటాయి. అపాయం వస్తే ఎక్కడ చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో ప్రయాణం మొదట్లోనే అందరికీ చెబుతారు. డెక్ అంచున ఎత్తైన కమ్మీలు ఉంటాయి. పసిపిల్లల విషయంలో ఎక్కువ జాగ్రత్త పడవలసిన చోటు మాత్రం ఓడ పైభాగాన, పాటలు, ఐస్‌క్రీములు, పడక కుర్చీల మధ్య ఉంటుంది. అదే స్విమ్మింగ్ పూల్.

జరిగిన సంగతులు

2013 మార్చిలో డిస్నీ ఫాంటసీ అనే ఓడ పోర్ట్ కెనావెరల్ రేవులో ఉండగానే నాలుగేళ్ళ బాలుడు కొలనులో మునిగాడు. ప్రాణం దక్కింది గాని మెదడుకు తీవ్రమైన నష్టం జరిగింది. అదే సంవత్సరం అక్టోబరులో కార్నివాల్ విక్టరీ అనే ఓడలో ఆరేళ్ళ బాలుడు కొలనులో మునిగి చనిపోయాడు. 2014 ఫిబ్రవరిలో నార్వేజియన్ బ్రేక్‌అవే అనే ఓడలో ఇద్దరు పిల్లలను నీటిలో నుండి స్పృహ లేకుండా తీశారు. ఆరేళ్ళ బిడ్డ బ్రతికాడు. నాలుగేళ్ళ బిడ్డ దక్కలేదు.

ఇవి తుఫానులో జరిగినవి కావు, అర్ధరాత్రి జరిగినవి కావు. పట్టపగలు, మనుషులు తిరుగుతున్న డెక్ మీద జరిగాయి.

ఆ రోజుల్లో చాలా ఓడల కొలనుల దగ్గర లైఫ్‌గార్డులు ఉండేవారు కారు. 'ఇక్కడ లైఫ్‌గార్డు లేరు' అనే బోర్డు మాత్రం ఉండేది. 2013లో డిస్నీ సంస్థ కుటుంబాలు వాడే కొలనుల దగ్గర లైఫ్‌గార్డులను పెట్టింది. 2017లో రాయల్ కరేబియన్, నార్వేజియన్ సంస్థలు కూడా ఆ ఏర్పాటు ప్రకటించాయి. ఇది మంచి మార్పే. అయినా అన్ని ఓడలలో, అన్ని వేళలా లైఫ్‌గార్డు ఉంటాడని అనుకోవద్దు. ఉన్నా, అతడు ఒకేసారి ఎంతోమందిని చూడాలి. మీ బిడ్డ ఒక్కడినే చూసేవారు మీలో ఒకరు ఉండాలి.

మునిగే బిడ్డ కేకలు వేయడు

సినిమాల్లో మునిగిపోయేవారు చేతులు ఊపుతారు, 'కాపాడండి' అని అరుస్తారు. నిజంగా మునుగుతున్న బిడ్డ అలా చేయలేడు. న్యూయార్క్ నగరంలోని ఆర్చర్డ్ బీచ్‌లో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా ఈ విషయాన్ని దగ్గరగా పరిశీలించి 1970లలో వివరించారు. ఊపిరికే ఆయాసపడుతున్న మనిషికి మాట రాదు. చేతులు ప్రక్కలకు చాపి నీటిని క్రిందికి నొక్కుతాడే గాని, పైకెత్తి ఊపలేడు. శరీరం నిలువుగా ఉంటుంది. నోరు నీటి పైకి వస్తూ, మళ్ళీ మునుగుతూ ఉంటుంది. ఈ పెనుగులాట 20 నుండి 60 సెకన్లు మాత్రమే. చిన్నపిల్లలు అంతకంటే త్వరగా మునిగిపోతారు.

దూరం నుండి చూసేవారికి బిడ్డ ఆడుకుంటున్నట్లే ఉంటుంది. అందుకే పూల్ దగ్గర అల్లరి చేసే పిల్లల కంటే, ఉన్నట్టుండి నిశ్శబ్దంగా అయిపోయిన బిడ్డను ముందు చూడాలి. పిలిస్తే పలకకపోతే, చూపు ఎటో ఉంటే, తల వెనక్కి వాలి నోరు తెరుచుకొని ఉంటే వెంటనే చేయి అందించండి.

ఆక్సిజన్ అందకపోతే నాలుగైదు నిమిషాలలోనే మెదడుకు శాశ్వతమైన హాని మొదలవుతుంది. బఫేలో ప్లేటు నింపుకొని రావడానికి పట్టే సమయం అంతకంటే ఎక్కువే.

అందరూ ఉన్నారులే అనే ధైర్యం

మన కుటుంబాలు కలిసి వెళితే పది పన్నెండు మంది ఉంటారు. తల్లి అనుకుంటుంది, తండ్రి చూస్తున్నాడని. తండ్రి అనుకుంటాడు, తాతయ్య అక్కడే కూర్చున్నారని. తాతయ్య అనుకుంటారు, పెద్ద మనవరాలు తమ్ముడి చేయి పట్టుకునే ఉందని. మనవరాలికి తొమ్మిదేళ్ళు. తన ఆటలో తాను ఉంటుంది. ఇందులో ఎవరూ నిర్లక్ష్యం గలవారు కారు. ప్రతివారూ ఇంకొకరిని నమ్మారు, అంతే. ఇంతమంది మధ్య బిడ్డను చూస్తున్నవారు ఒక్కరూ లేకుండా పోతారు.

దీనికి మందు ఒక్కటే. బిడ్డను చూసే బాధ్యత ఒక సమయంలో ఒక్కరిదే కావాలి, అది నోటితో చెప్పి అప్పగించాలి. 'ఇప్పుడు నేను చూస్తున్నాను' అని ఒకరు చెప్పాలి. పావుగంటకో, ఇరవై నిమిషాలకో 'ఇక నువ్వు చూడు' అని మరొకరికి అప్పగించాలి. అవతలివారు 'సరే, నేను చూస్తున్నాను' అనేవరకు మొదటివారు కదలకూడదు. కొన్ని కుటుంబాలవారు ఒక ట్యాగు మెడలో వేసుకుంటారు. అది ఎవరి మెడలో ఉంటే కాపలా వారిదే. ఒక రిబ్బను ముక్క అయినా సరిపోతుంది.

కాపలా సమయంలో ఫోను సంచిలో ఉండాలి. ఫొటోలు మరొకరు తీయాలి. మద్యం తీసుకున్నవారికి ఈ పని అప్పగించకూడదు. పన్నెండేళ్ళ లోపు అక్కకో, అన్నకో అసలే అప్పగించకూడదు. తమ్ముడు మునిగితే ఆ పసివాడిని బయటకు లాగే బలం వారికి ఉండదు. లాగబోయి ఇద్దరూ మునిగే ప్రమాదం ఉంది.

ఈత రాని అమ్మమ్మ, తాతయ్యల సంగతి

మనలో చాలామంది పెద్దలకు ఈత రాదు. చీర కట్టుకొని కొలను గట్టున కూర్చున్న అమ్మమ్మ ఎంత ప్రేమగా చూసినా, బిడ్డ లోతులోకి జారితే ఏమి చేయగలదు? తల్లిదండ్రులు ఈ మాట ముందే ఆలోచించాలి. 'అమ్మా, నువ్వు చూస్తూ ఉండు' అని చెప్పి వెళ్ళిపోవడం పెద్దవారి మీద మోయలేని భారం పెట్టడమే. ఈత రాని పెద్దలు పిల్లలతో ఉన్నప్పుడు నీళ్ళు చిమ్మే ఆటస్థలం వరకే పరిమితం చేయండి. అక్కడ కూడా చేయి చాస్తే బిడ్డ అందేంత దగ్గరలో ఉండాలి. నీళ్ళు నిలిచి ఉంటే అడుగు లోతులో కూడా పసిబిడ్డ మునగగలడు.

పెద్దలారా, 'నాకు ఈత రాదు, పూల్ దగ్గర నేను ఒక్కదాన్నే చూడలేను' అని మీ పిల్లలతో చెప్పడానికి మొహమాటపడకండి. ఆ మాట మీ మనవడికి మేలు చేస్తుంది.

ఓడ కొలనులో ప్రత్యేకంగా గమనించవలసినవి

నాలుగేళ్ళ బిడ్డ సుమారు మూడు అడుగుల నాలుగు అంగుళాల ఎత్తు ఉంటాడు. నాలుగు అడుగుల లోతు పెద్దలకు నడుము దాటుతుంది, ఆ బిడ్డకు తల మీదికి వస్తుంది. మొదటి రోజే కొలను గట్టు మీద వ్రాసిన లోతు అంకెలను చదవండి. కొన్ని కొలనులలో మెట్టు దిగగానే లోతు మొదలవుతుంది.

ఓడ ఊగితే కొలనులోని నీరు కూడా అలలుగా లేస్తుంది. నిలబడగలిగిన బిడ్డను కూడా అది లోతు వైపు తోసేస్తుంది. సముద్రం ఎక్కువగా పోటెత్తినప్పుడు సిబ్బంది కొలను మూసివేసి వల కప్పుతారు, లేదా నీరు తీసివేస్తారు. వల కప్పిన కొలను దగ్గరకు పిల్లలను పోనివ్వకండి.

వేడినీటి తొట్లు ఐదేళ్ళ లోపు పిల్లలకు తగవు. నీటి వేడి 40 డిగ్రీల వరకు ఉంటుంది. పసివారి శరీరం త్వరగా వేడెక్కుతుంది. నీటిని పీల్చే రంధ్రాల దగ్గర పొడవైన జుట్టు చిక్కుకోవచ్చు. ఆడపిల్లల జుట్టు బిగించి ముడివేయండి.

అమెరికా రేవులకు వచ్చే ఓడలను అక్కడి ప్రజారోగ్య సంస్థ సి.డి.సి. తనిఖీ చేస్తుంది. దాని నియమాల ప్రకారం డైపరు వాడే పిల్లలను మామూలు కొలనులో దించకూడదు. వారికోసం ప్రత్యేకంగా చేసిన చోటనే ఆడించాలి. విరేచనాలు అవుతున్న బిడ్డను ఏ వయసు వారైనా నీటిలో దించకండి.

మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మందులు ఒక్క పూట కూడా మానకూడదు. నీటిలో ఉన్నంతసేపు ఈత వచ్చిన పెద్దవారు ఒకరు వారిని అంటిపెట్టుకొని ఉండాలి.

గాలి బుడగలను నమ్మవద్దు

చేతులకు తొడిగే గాలి బుడగలు, నడుముకు వేసే ట్యూబులు ఆట వస్తువులే. గాలి పోవచ్చు, జారిపోవచ్చు, బిడ్డ తలక్రిందులు కావచ్చు. ఈత రాని బిడ్డకు బరువుకు సరిపోయే అసలైన లైఫ్ జాకెట్ వేయండి. చాలా ఓడలలో పూల్ దగ్గర అడిగితే ఇస్తారు. జాకెట్ వేసినా మీ కన్ను తీయకూడదు.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏడాది నిండిన తర్వాత ఈత నేర్పడం మొదలుపెట్టవచ్చని చెబుతోంది. నేర్పించండి, చాలా మంచిది. అయితే ఈత నేర్చిన బిడ్డ మునగడని అనుకోవద్దు.

అపాయం జరిగితే

బిడ్డ కనిపించకపోతే మొదట నీటిలో చూడండి. గదిలో, ఆటల గదిలో వెతకడం తర్వాత.

బిడ్డను బయటకు తీయగానే గట్టిగా కేక వేసి సిబ్బందిని పిలవండి. ఓడలో డాక్టరు, నర్సులు ఉంటారు. కాళ్ళు పట్టుకొని తలక్రిందులుగా వ్రేలాడదీయడం, గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన దగ్గర ఇంకా కొందరు చేస్తున్నారు. దయచేసి అలా చేయవద్దు. దానివల్ల విలువైన సమయం పోతుంది. కడుపులోనిది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం కూడా ఉంది.

బిడ్డకు ఊపిరి లేకపోతే ఇలా చేయండి:

1. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వంచి గడ్డం పైకెత్తండి.

2. ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి, ఛాతీ పైకి లేచేలా రెండుసార్లు ఊదండి. ఏడాది లోపు బిడ్డకు ముక్కు, నోరు కలిపి మూసి మెల్లగా ఊదాలి.

3. ఛాతీ మధ్యలో అరచేతి మడమతో 30 సార్లు, నిమిషానికి 100 నుండి 120 సార్ల వేగంతో, ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా నొక్కండి. ఏడాది లోపు బిడ్డకు రెండు బొటనవేళ్ళతో నొక్కాలి.

4. రెండు ఊపిరులు, 30 నొక్కులు. వైద్యులు వచ్చేవరకు ఆపవద్దు.

మునిగిన బిడ్డకు కావలసింది ముందు ఆక్సిజన్. కాబట్టి ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు, ఊపిరి కూడా ఇవ్వాలని 2024లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తన సూచనలలో చెప్పింది. చదివితే వచ్చే విద్య కాదిది. ప్రయాణానికి ముందే ఇంట్లో ఒక్కరైనా శిక్షణ పొందండి.

బిడ్డ తేరుకొని నవ్వుతున్నా సరే, ఓడలోని డాక్టరుకు చూపించండి. కొన్ని గంటలు కనిపెట్టి ఉండాలి. దగ్గు తగ్గకపోవడం, ఆయాసం, వాంతులు, మగత ఉంటే ఆలస్యం చేయకూడదు.

జ్ఞాపకం ఉంచుకోండి

• కాపలా ఒక్కరిదే. మాటతో అప్పగించాలి.

• ఐదేళ్ళ లోపు బిడ్డ చేతికి అందేంత దగ్గరలో పెద్దవారు ఉండాలి.

• నిశ్శబ్దంగా ఉన్న బిడ్డను ముందు చూడాలి.

• కనిపించని బిడ్డను ముందు నీటిలో వెతకాలి.

• ఆట ముగిశాక పిల్లలను లెక్కపెట్టుకొని అందరినీ కలిపి తీసుకురావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళు నిండని పిల్లలే. ఓడ ఎక్కే అవకాశం అందరికీ రాకపోవచ్చు. అపార్ట్‌మెంటు పూల్ దగ్గర, రిసార్టులో, మన ఊరి చెరువు గట్టున, పంట కాలువ దగ్గర కూడా ఈ జాగ్రత్తలే పనికి వస్తాయి. ఈ ఆదివారం భోజనాల దగ్గర కుటుంబమంతా కూర్చున్నప్పుడు, నీటి దగ్గర బిడ్డను ఎవరు, ఎప్పుడు చూడాలో ఒకసారి మాట్లాడుకోండి.