నాన్న బండిలో కారు ఆయిల్

మెకానికల్ ఫ్రెండ్స్ ముందే క్షమించాలి. సీఎస్‌ఈ వాడికి ఇంజిన్ ఆయిల్ గోలెందుకని నవ్వుతారని తెలుసు. కానీ నేను చేసిన తప్పు మీలో ఎవరూ చేసి ఉండరు కాబట్టి దీని గురించి రాసే హక్కు నాకే ఉంది.

నాన్న స్ప్లెండర్‌కి పద్నాలుగేళ్ళు. నన్ను ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకెళ్ళింది దాని మీదే. సెకండియర్‌లోకి రాగానే దాన్ని నాకిచ్చేశారు. అదే నెలలో బాబాయి కారు సర్వీసింగ్‌లో లీటరు ఆయిల్ మిగిలింది. ఫుల్లీ సింథటిక్, మా బండిలో పోసేదానికంటే చాలా ఖరీదు. ఖరీదైంది కదా, మంచిదే అయ్యుంటుందనుకుని పాత ఆయిల్ తీసేసి అది పోశా.

మొదటి వారం బాగానే ఉంది. తర్వాత ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం ముందుకి పోదు. దసరా సెలవులకి ఇంటికెళ్తే నాన్న దాన్ని వీధి చివరిదాకా తీసుకెళ్ళి వచ్చి ఒకటే అడిగారు, "ఇందులో ఏం పోశావురా?"

గేర్లు మార్చే కార్లలో మామూలుగా ఇంజిన్‌కి ఒక ఆయిల్, గేర్‌బాక్స్‌కి ఇంకోటి. క్లచ్ పొడిగా ఉంటుంది. మన గేర్ల బైకుల్లో ఎక్కువ వాటికి అలా కాదు. ఒకే ఆయిల్ పిస్టన్‌కీ గేర్లకీ పనిచేస్తుంది, క్లచ్ ప్లేట్లు కూడా అందులోనే తడుస్తుంటాయి. చిక్కంతా ఇక్కడే. ఇంజిన్‌లో రాపిడి తగ్గాలి, క్లచ్‌లో మాత్రం రాపిడి ఉండాలి. లేకపోతే ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవు. మైలేజీ పెంచడానికి చాలా కారు ఆయిల్స్‌లో రాపిడిని ఇంకా తగ్గించే రసాయనాలు కలుపుతారు. కారుకి మేలే, మన క్లచ్‌కి మాత్రం అరటి తొక్క మీద కాలేసినట్టు.

అందుకే జపాన్ వాళ్ళ జాసో స్టాండర్డ్ ఉంది. డబ్బా వెనక ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే తడి క్లచ్‌కి పనికొస్తుంది. ఎంబీ అంటే రాపిడి తక్కువ రకం. అది గేర్లు లేని స్కూటర్లకి, ఎందుకంటే వాటి క్లచ్ ఆయిల్‌లో ఉండదు. అక్క స్కూటీకి తెచ్చిన డబ్బాలో మిగిలిందని మీ బైక్‌లో పోసేయకండి.

ఇక 10డబ్ల్యు-30. డబ్ల్యు అంటే వెయిట్ అనుకునేవాణ్ణి. కాదు, వింటర్. ముందున్న అంకె ఎంత తక్కువైతే ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు అంత తేలిగ్గా పారుతుంది. వెనక అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పే గ్రేడు. మనకి చలెక్కడుంది అనకండి, 100 డిగ్రీల పక్కన పెడితే మన పొద్దుటి 25 డిగ్రీలు కూడా చలే. పైగా రాత్రంతా ఆయిల్ కిందకి దిగిపోయి ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేశాక అది మళ్ళీ పైకి చేరేలోపే అరుగుదల ఎక్కువ. కాబట్టి హాస్టల్ గేటు దగ్గర సెల్ఫ్ కొట్టగానే రేజ్ చేసే హీరోలు కొంచెం ఆగండి.

ఎండాకాలం 20డబ్ల్యు-50 పోయిస్తే ఇంజిన్ గట్టిగా ఉంటుందని మా వీధిలో అందరూ చెప్తారు. కంపెనీయే ఆ గ్రేడు చెప్పిన బళ్ళున్నాయి, వాటికి అదే సరి. మా బండికి చెప్పింది 10డబ్ల్యు-30. దాని పంపూ, లోపలి సందులూ ఆ పల్చదనానికి లెక్కేసి చేసినవి.

ఏపీఐ ఎస్‌ఎల్, ఎస్‌ఎం, ఎస్‌ఎన్ అనేవి మన భాషలో వెర్షన్లు. ఎస్ అంటే పెట్రోల్ ఇంజిన్, రెండో అక్షరం ముందుకెళ్ళేకొద్దీ కొత్తది. నేను పోసిన డబ్బా మీద ఎస్‌ఎన్ చూసి లేటెస్ట్ అని మురిసిపోయా. జాసో లైన్ దాని మీద అసలు లేనే లేదు.

ఆయిల్ నల్లబడితే పాడైపోయినట్టే అనుకోవద్దు, మసిని తనలో పట్టి ఉంచడం దాని డ్యూటీ. అలాగని తక్కువ తిరుగుతున్నాం కదా అని ఏళ్ళ తరబడి వదిలేయకూడదు. హాస్టల్ నుంచి టిఫిన్ సెంటర్ దాకా తిరిగే బండి సరిగ్గా వేడెక్కదు, లోపల చేరిన నీటి చెమ్మ ఆవిరై పోదు. మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు నెలలు కూడా రాసేది అందుకే.

క్లచ్ ప్లేట్లు మార్చాల్సి వచ్చింది. అవి అప్పటికే కొంత అరిగి ఉన్నాయని మెకానిక్ అన్నాడు, నన్ను కాపాడ్డానికేమో. నాన్న ఏమీ అనలేదు. సైడ్ ప్యానెల్ తీసి ప్లాస్టిక్ కవర్లో ఉన్న మాన్యువల్ నా చేతికిచ్చారు. ఆయిల్ పేజీలో గ్రేడు కింద నీలం పెన్నుతో గీత, మార్జిన్‌లో మార్చిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు. నేను కారు ఆయిల్ పోసిన రోజు అందులో లేదు. సిగ్గేసింది, కానీ నా చేత్తోనే రాశా.