యూరప్ కాలువల్లో పడవ మనమే నడపొచ్చా? ఐసీసీ అంటే అసలు ఏంటి?

ఐసీసీ అనగానే మనవాళ్ళకి క్రికెట్టే గుర్తొస్తుంది. ఈ ఎపిసోడ్‌లో ఐసీసీ అది కాదు. ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఆఫ్ కాంపిటెన్స్. అంటే సరదాకి పడవ నడిపేవాళ్ళు వేరే దేశం నీళ్ళల్లోకి వెళ్ళినప్పుడు "నాకు నడపడం వచ్చు" అని చూపించే కాగితం.

మనకెందుకు ఇదంతా అంటారా? లండన్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళు వేసవి సెలవుల్లో రెండు మూడు ఫ్యామిలీలు కలిసి హౌస్‌బోట్ తీసుకోవాలనుకుంటారు. అలెప్పీలో అయితే నడిపేవాళ్ళు, వండిపెట్టేవాళ్ళు పడవతోనే వస్తారు. ఫ్రాన్స్‌లో, జర్మనీలో తాళం మీ చేతికే ఇచ్చేస్తారు. స్టీరింగ్ దగ్గర మీరే. పిల్లలు, పెద్దవాళ్ళు అందరూ మీ వెనక. అక్కడ మొదలవుతుంది అసలు ప్రశ్న.

ముందుగా ఒక వింత చెప్తాను. బ్రిటన్‌లో ఉండేవాళ్ళు సొంత సరదా పడవ వేసుకుని సముద్రంలోకి వెళ్ళడానికి డ్రైవింగ్ లైసెన్స్ లాంటిది ఏమీ అక్కర్లేదు. నిజంగానే! కానీ అదే మనిషి, అదే పడవతో ఇంగ్లిష్ ఛానల్ దాటి ఫ్రాన్స్ కాలువలోకి దూరితే, "నీకు నడపడం వచ్చని రుజువేంటి?" అని అడుగుతారు. ఇలాంటి ఇబ్బంది కోసమే ఐక్యరాజ్యసమితికి చెందిన యూరప్ ఆర్థిక సంఘం 1998లో 40వ నంబర్ తీర్మానం చేసింది. దాన్ని ఒప్పుకున్న దేశాలు గానీ, అవి అధికారం ఇచ్చిన సంస్థలు గానీ ఈ సర్టిఫికెట్ ఇస్తాయి. బ్రిటన్‌లో ఆ పని రాయల్ యాటింగ్ అసోసియేషన్ చేస్తుంది. కనీసం 16 ఏళ్ళు ఉండాలి, వాళ్ళిచ్చే కార్డు ఐదేళ్ళు చెల్లుతుంది. మోటారు పడవా, తెరచాప పడవా, 10 మీటర్ల లోపా, సముద్రమా, కాలువా... అన్నీ కార్డు మీదే వేరు వేరుగా రాసి ఉంటాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మన ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటాం కదా, దాని వెనక దేశాల మధ్య ఒప్పందం ఉంది. ఐసీసీ వెనక ఉన్నది తీర్మానం మాత్రమే. ఒప్పుకోవాలా వద్దా అన్నది మీరు వెళ్ళే దేశం ఇష్టం. తీర్మానం మీద సంతకం లేని దేశం కూడా ఈ కార్డు చూసి సరే అనొచ్చు. సంతకం పెట్టిన దేశం కూడా ఫలానా నీళ్ళకి ఇది చాలదు అనొచ్చు. అందుకే "ఐసీసీ ఉంటే యూరప్ అంతా తిరగొచ్చు" అని ఎవరన్నా రీల్‌లో చెప్తే నమ్మకండి.

ఇంకోటి, కాలువలకీ నదులకీ చెల్లాలంటే కార్డు మీద సెవ్నీ ముద్ర ఉండాలి. సెవ్నీ అంటే యూరప్ లోతట్టు జలమార్గాల నియమావళి. దాని మీద చిన్న పరీక్ష ఉంటుంది. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో అసలైన సరుకు ఇదే. కార్డు అధికారులకి చూపించడానికి. సెవ్నీ మాత్రం మీ ప్రాణం కోసం.

ఎందుకంటే చూడండి. మనం రోడ్డు మీద ఎడమవైపు నడిపి అలవాటైనవాళ్ళం. నీళ్ళ మీద కుడివైపు ఉండాలి. ఎదురొచ్చే పడవ మన ఎడమ పక్క నుంచి దాటాలి. సరే, ఇది అలవాటైందనుకుందాం. రైన్ నది మీద వెళ్తున్నారు, ఎదురుగా ప్రవాహానికి ఎదురెక్కుతూ 110 మీటర్ల సరుకు పడవ వస్తోంది. దాని కుడి పక్కన నీలం బోర్డు, మధ్యలో టపటపా కొట్టే తెల్ల లైటు. అంటే "ఈసారి రూల్ తిరగేస్తున్నాం, నా కుడి పక్క నుంచి దాటు" అని. ఎదురెక్కే పడవ మలుపుల్లో ప్రవాహం తక్కువున్న లోపలి వైపు పట్టుకుంటుంది, అందుకే దారి ఎటో అదే చెప్తుంది. దిగువకి వచ్చే పడవని నీళ్ళే తోస్తుంటాయి, ఆపడం కష్టం. కచ్చులూరు దగ్గర గోదావరిలో 2019లో జరిగింది గుర్తున్నవాళ్ళకి వడి అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు.

మరి ఇందులో మీ పని ఏంటి? 20 మీటర్ల లోపు పడవ చిన్న పడవ కింద లెక్క. పెద్దదానికి దారి వదలాల్సింది మీరే. ఆ బోర్డు అర్థం తెలియకపోతే ఎటు తప్పుకోవాలో తెలియదు. తప్పుకోవాల్సిన వైపే ఎదురెళ్ళి నిలబడతారు.

వంతెన కింద కూడా అంతే. పసుపు డైమండ్ గుర్తు ఒక్కటే ఉంటే ఆ కమాను కింద నుంచి వెళ్ళొచ్చు, కానీ ఎదురు నుంచి కూడా పడవ రావచ్చు. పక్కపక్కన రెండు ఉంటే అటు నుంచి ఎవరూ రాకూడదు. ఎరుపు-తెలుపు-ఎరుపు బోర్డు ఉంటే అటు వెళ్ళకూడదు. ఒక్క పసుపు ముక్క తేడా అంతే!

ఇక దేశాల రూల్స్. నెదర్లాండ్స్‌లో పడవ 15 మీటర్లు లేదా అంతకంటే పొడవున్నా, గంటకి 20 కిలోమీటర్లు దాటి పోగలిగినా సర్టిఫికెట్ కావాలి. మీరు నెమ్మదిగానే నడుపుతున్నా సరే, పడవకి ఆ వేగం ఉంటే చాలు. జర్మనీలో చూసేది ఇంజన్. చాలా చోట్ల 15 హార్స్‌పవర్ దాటితే లైసెన్స్. ఫ్రాన్స్‌లో 6 హార్స్‌పవర్ దాటితేనే.

"మరి మా ఫ్రెండ్ కెనాల్ డు మిడి మీద లైసెన్స్ లేకుండానే వారం రోజులు తిరిగొచ్చాడే?" అంటారు. అతను చెప్పింది నిజమే. అద్దె హౌస్‌బోట్‌లకి ఫ్రాన్స్‌లో మినహాయింపు ఉంది. కంపెనీవాళ్ళు నేర్పించి, ఆ ట్రిప్‌కి సరిపడా తాత్కాలిక కార్డు ఇస్తారు. జర్మనీలో కూడా కొన్ని నీళ్ళ మీద కనీసం మూడు గంటలు నేర్పించి కాగితం ఇస్తారు, పడవ 15 మీటర్ల లోపు, వేగం 12 కిలోమీటర్ల లోపు ఉండాలి. గమనించారా, ఆ కాగితం ఆ పడవకీ, ఆ ట్రిప్‌కీ, ఆ నీళ్ళకీ మాత్రమే. పక్కనున్న పెద్ద నదిలోకి "ఒక్కసారి చూసొద్దాం" అని తిప్పారంటే కాగితం లేనట్టే. ఏదైనా తగిలిందనుకోండి, ఇన్సూరెన్స్‌వాళ్ళు మొదట అడిగేది ఇదే. అందుకే బుక్ చేసేముందే కంపెనీకి మెయిల్ పెట్టండి: ఏ నీళ్ళ వరకు వెళ్ళొచ్చు, ఎవరెవరు స్టీరింగ్ పట్టొచ్చు, డ్యామేజ్ అయితే మా జేబులోంచి ఎంత? జవాబు రాతలో ఉండాలి. ఫోన్‌లో "నో ప్రాబ్లమ్ సర్" అంటే లెక్కలోకి రాదు.

సముద్రం సంగతి క్లుప్తంగా చెప్తాను. గ్రీస్, క్రొయేషియాల్లో యాట్ అద్దెకి తీసుకుంటే మినహాయింపుల మీద ఆశ పెట్టుకోకండి, కెప్టెన్‌కి సర్టిఫికెట్ అడుగుతారు. క్రొయేషియాలో వీహెచ్ఎఫ్ రేడియో సర్టిఫికెట్ కూడా.

పాపికొండలు బోటు సరంగుకి ఉండే సర్టిఫికెట్ అక్కడ పనికొస్తుందా అంటే, అది మన దేశ లోతట్టు జలమార్గాల చట్టం కింద వృత్తిగా నడిపేవాళ్ళకి ఇచ్చేది. ఐసీసీ కాదు. భారత్ ఆ యూరప్ సంఘంలో సభ్య దేశం కూడా కాదు. కాబట్టి మీరు బ్రిటన్‌లో స్థిరపడి ఉంటే అక్కడే కోర్సు చేసి పరీక్ష రాయడం సులువైన దారి. కార్డు వచ్చాక ఒరిజినల్ వెంట ఉంచుకోండి, ఫోన్‌లో ఫొటో మీద ఆధారపడకండి.

వచ్చే ఎపిసోడ్‌లో లాక్ గేట్లు ఎలా దాటాలో చూద్దాం. తాడు ఎక్కడ పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి... అది కాస్త పెద్ద కథే. ఉంటానండీ!