మైకులో ఆ మోత ఎక్కడిది?



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు గ్రామ సంఘములలో మన యౌవనస్థులే కూర్చిన మైకుసెట్లు ఇప్పటికీ కొన్ని ఉన్నవి. పట్నములో బోర్డు, ట్రాన్స్‌ఫార్మరు కొని తెస్తారు. ఊరి వడ్రంగి ప్లైవుడ్డు పెట్టె చేసి ఇస్తాడు. ఆంప్లిఫయరు, స్పీకరు అందులోనే బిగిస్తారు. ఖర్చు తక్కువ, సంతోషము ఎక్కువ. అయితే స్విచ్చి వేయగానే, ప్రార్థన కంటె ముందే, ‘గుయ్’మని మోత మొదలవుతుంది.

అటువంటి ఒక సంఘములో వెనుక చాప మీద కూర్చుండే అవ్వ, “అయ్యగారూ, వాక్యం ఇనపడ్తలేదు, తుమ్మెద మోతే ఇనపడ్తుంది” అన్నది. పిల్లలు వాల్యూము పెంచారు. మాటతోబాటు మోత కూడ పెరిగింది. చివరకు పంట పండుగ కానుకలతో కొత్త సెట్టు కొందామని కమిటీలో మాట వచ్చింది. కూలి డబ్బులోనుండి తీసి ఇచ్చిన కానుక అది. దానిని ముట్టుకొనక ముందు ఒక గంట వెదకుట మంచిది గదా!

వెదకుటకు ఒక వరుస ఉన్నది. మొదట వాల్యూమును పూర్తిగా సున్నాకు తిప్పండి. మోత తగ్గకుండ అలాగే ఉన్నదా? అయితే తప్పు ఆంప్లిఫయరు లోపలనే. మన ఇండ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 మార్లు అటూ ఇటూ ఊగుతుంది. దానిని బ్యాటరీ కరెంటువలె నిలకడ చేయుటకు లోపల పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. ఏండ్లు గడిచి అవి ఎండిపోతే సెకనుకు 100 ఊపుల మోత స్పీకరులోనికి దిగుతుంది. మెకానిక్కు చేత మార్పించండి. ప్లగ్గు తీసిన తరువాత కూడ వాటిలో కరెంటు కొంతసేపు నిలిచి ఉండవచ్చును గనుక తెలియనివారు పెట్టె తెరవరాదు.

సున్నాలో మోత ఆగిపోతే, అది ముందు భాగమునుండి వస్తున్నదన్నమాట. మైకులు, కీబోర్డు, సెల్‌ఫోను వైరు అన్నిటినీ ఊడదీసి వాల్యూము పెంచి చూడండి. అప్పుడును మోత ఉంటే పెట్టెలో ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడ ఉన్నదో చూపించండి. నేను చెప్పిన సంఘములో అది మైకు వైర్లు చేరే చోటికి జానెడు దూరములో ఉన్నది. ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ ఉండే అయస్కాంత ప్రభావమును ఆ సన్న వైర్లు పట్టుకొంటాయి. మెకానిక్కు దానిని అవతలి మూలకు జరిపి బిగించగా సగము మోత పోయింది.

మిగిలిన సగము కొరకు వైర్లను ఒక్కొక్కటిగా తగిలించారు. రెండవ మైకు దగ్గర మోత తిరిగి వచ్చింది. మైకు వైరులో లోపలి తీగ చుట్టూ జల్లెడవలె అల్లిన మరియొక తీగ ఉంటుంది. బయటి కరెంటు మోతను అడ్డుకొనేది అదే. పిన్ను దగ్గర ఆ అల్లిక తెగి ఉన్నది. టంకము పెట్టగానే మోత పోయింది. కొత్త సెట్టు మాట మరల రాలేదు.

మోతలన్నియు ఒక్కటి కావు. వాల్యూము తిప్పినప్పుడు ‘గరగర’మంటే ఆ తిప్పేదానిలో దుమ్ము చేరినదని అర్థము. ఉండుండి ‘టికటిక, జుర్ర్’ అంటే ఎవరి జేబులోనో సెల్‌ఫోను ఉన్నది. పాస్టరుగారి జేబులోనే కావచ్చును. ‘కుయ్’మని కేక వేస్తే, స్పీకరు శబ్దము తిరిగి మైకులో పడుతున్నది. స్పీకర్లను మైకుకు ముందుకు, సంఘము వైపునకు జరపండి. మైకు తలను పిడికిలితో మూయవద్దు. కరెంటు వైరును, మైకు వైరును కలిపి కట్టవద్దు.

మోతను వాల్యూముతో గెలువలేము. పైగా పొరుగువారు ఉన్నారు. మద్రాసులోని ఒక సంఘము లౌడ్‌స్పీకర్ల విషయమై సుప్రీంకోర్టు వరకు వెళ్లినప్పుడు, ఇతరుల నెమ్మదిని చెరిపి ప్రార్థన చేయుమని ఏ మతమూ చెప్పదని 2000 ఆగస్టులో కోర్టు తీర్పు ఇచ్చింది. అదే సంవత్సరము వచ్చిన శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు. రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు బయట లౌడ్‌స్పీకరు వాడరాదు. ఇది మనకు విరోధమైన మాట అని నేననుకోను. నాట్లు వేసి వచ్చి పడుకొన్న పొరుగువాని నిద్ర కూడ దేవుడిచ్చినదే.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది. కీబోర్డుకు ఒక గోడ ప్లగ్గు, ఆంప్లిఫయరుకు మరొక గోడ ప్లగ్గు పెట్టినప్పుడు, రెండు ఎర్తు దారుల మధ్య తిరిగే కరెంటువలన మోత వస్తుంది. కీబోర్డును బ్యాటరీలతో నడిపి చూడండి. మోత పోతే కారణము అడాప్టరో, ఈ ఎర్తు దారియో. రెండింటినీ ఒకే బోర్డులో తగిలిస్తే చాలమట్టుకు తగ్గుతుంది. అయితే కొందరు పిల్లలు ప్లగ్గులోని మూడవ పిన్నును విరిచివేస్తారు. మోత పోతుంది, నిజమే. దానితో ప్రాణమునకున్న కాపుదల కూడ పోతుంది. ఇనుప తీగల గిటారు చేతపట్టి, ఇనుప మైకుకు పెదవి ఆనించి పాడే పిల్లకు ‘చురుక్కు’మన్నదంటే వెంటనే మెయిన్ ఆపండి. పాట తరువాత చూద్దామనవద్దు.

మందిరము ప్రక్కన ఎర్తు గుంట ఉన్నదో లేదో ఈ వారమే ఎలక్ట్రీషియను చేత చూపించండి. ఉన్నదానిని ఎండలు ముదిరాక మరువకండి. మన నేల ఎండిపోతే ఎర్తు పనిచేయదు. శనివారము మందిరము ఊడ్చేవారు ఆ గుంటలో రెండు బిందెల నీళ్లు పోస్తే చాలును.