పాలు పితికే చేతులకు పొక్కులా?

ఆర్మూరు చుట్టుపక్కల పల్లెల్లో పసుపు పండించే చాలా ఇళ్లలో బర్రెలు కూడా ఉంటాయి. బర్రె పొదుగు మీద పొక్కులు కనబడితే పాలు పితికేవారు జాగ్రత్తపడాలి. అది బఫెలోపాక్స్ అనే వైరస్ జబ్బు కావచ్చు. మహారాష్ట్రలోను, ఆంధ్రప్రదేశ్‌లోను ఇది పశువుల నుండి మనుషులకు సోకింది.

ఎలా సోకుతుంది?
చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, వైరస్ లోపలికి పోతుంది. వేళ్లమీద, ముంజేతుల మీద నొప్పితో పొక్కులు లేచి, గుంటపడి, పక్కు కడతాయి. జ్వరం, చంకలో బిళ్లలు రావచ్చు. సాధారణంగా కొన్ని వారాల్లో మానిపోతుంది.

ఇది మశూచి వైరస్ కుటుంబానికి చెందినది. పూర్వపు మశూచి టీకా దీని నుండి కూడా కాపాడేది. మశూచి పోయిందని 1980లో ప్రకటించారు, టీకాలు ఆగిపోయాయి. తర్వాత పుట్టినవారికి ఆ రక్షణ లేదు. ఇదే కుటుంబంలోని మంకీపాక్స్ 2003లో అమెరికాలో, ఆఫ్రికా ఎలుకలతో కలిపి ఉంచిన ఉడుత జాతి పెంపుడు జంతువుల నుండి మనుషులకు సోకింది.

ఏమి చేయాలి?
• జబ్బు బర్రెను చివర పితకండి. ముందూ వెనుకా సబ్బుతో చేతులు కడుక్కోండి.
• చేతికి పుండు ఉంటే ఇంకొకరిని పితకమనండి.
• ఆ చేతులతో కళ్లు నలుపుకోవద్దు. పాలు బాగా మరిగించండి.
• బర్రెను పశువుల డాక్టరుకు చూపించండి.

పొక్కుల మీద పసుపు పూసి, మెడికల్ షాపు ఆయింట్‌మెంట్ రాసి ఊరుకోవద్దు. కంటి దగ్గర పొక్కు లేచినా, పసిపిల్లలకు, గర్భిణీలకు వచ్చినా వెంటనే ఆస్పత్రికి రండి. "మా బర్రెకు కూడా పొక్కులున్నాయి" అని డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో జబ్బును గుర్తించడం తేలికవుతుంది.