ఒక్క మోటారుకు ఎన్ని యూనిట్లు?

మహబూబ్‌నగర్ పట్టణమున ఒకే ఆవరణలో రెండు మూడు కుటుంబములు కిరాయికి ఉండు ఇండ్లు చాలా కలవు. బోరు ఒకటి, మిద్దెపై ట్యాంకు ఒకటి, మోటారు ఒకటి. ఆ మోటారు తీగ మాత్రము ఎవరో ఒకరి మీటరుకే తగిలియుండును. నెల తిరిగి బిల్లు రాగానే, మోటారు పద్దు క్రింద ఎవరెంత ఇయ్యవలెనను తగవు పుట్టును. 2024 నుండి ఈ తగవు మరికొంత ముదిరినది. గృహజ్యోతి పథకము క్రింద అర్హతగల ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ హద్దు దాటిన నెలలో మొత్తము బిల్లు కట్టవలెను. 190 యూనిట్లతో ముగియవలసిన ఇల్లు పొరుగువారి నీటి మూలమున 200 దాటినచో, ఆ ఇంటివారికి కలుగు నష్టము దాటిన నాలుగైదు యూనిట్లది మాత్రమే కాదు గదా!

తగవు తీర్చుటకై చాలామంది మోటారుపైనున్న బిళ్ళను చూతురు. ఒక హార్సుపవర్ అనియుండును. హార్సుపవర్ అనగా 746 వాట్లు గనుక గంటకు ముప్పాతిక యూనిట్ అని లెక్క వేయుదురు. ఇది పొరపాటు. ఆ అంకె మోటారు ఇరుసు ఇచ్చు బలమును తెల్పునే కాని, మోటారు పుచ్చుకొను కరెంటును తెల్పదు. పుచ్చుకొన్న దానిలో కొంత వేడిగా పోవును. పాతబడి, మరల తీగ చుట్టించిన మోటారులో ఈ పోవుభాగము ఇంకను ఎక్కువ కావచ్చును.

నిజము చెప్పగలది మీటరే. మొదట ఇంటిలోని దీపములు, పంకాలు, ఫ్రిజ్, ఇన్వర్టరు అన్నియు ఆపివేయవలెను. అప్పుడు మీటరుపైనున్న చిన్న ఎర్రదీపము మిణుకుమనరాదు. మిణుకుమన్నచో ఇంకేదో నడుచుచున్నదని అర్థము. (రేడియోను సైతము ఆ కాసేపు ఆపుడని కోరుచున్నాము, అది వాడునది స్వల్పమే యైనను లెక్క లెక్కయే.) మీటరు ముఖముపై యూనిట్‌కు ఎన్ని మిణుకులో అచ్చువేసియుండును. కొన్నిటిపై 1600, కొన్నిటిపై 3200. ఇక మోటారు వేసి, ట్యాంకులో నీరు పడసాగిన తరువాత, గడియారము చూచుచు ఒక నిమిషమున ఎన్ని మిణుకులో లెక్కింపవలెను. 56 అనుకొందము. 60 చేత గుణింపగా గంటకు 3360. దానిని 3200 చేత భాగింపగా 1.05 యూనిట్. బిళ్ళనుబట్టి వేసిన ముప్పాతిక ఎక్కడ, ఇది ఎక్కడ!

దినమునకు అరగంట మోటారు నడచిన, నెలకు 15 గంటలు, అనగా 15.75 యూనిట్లు. మూడు కుటుంబములు పంచుకొన్నచో తలకు 5.25. రోజూ తగవులాడుట కన్న మోటారుకు వేరుగా ఒక సబ్‌మీటరు పెట్టించుట మేలు. ఆ పని ఎలక్ట్రీషియన్‌కు విడిచిపెట్టవలెను. కంపెనీ మీటరు సీలు జోలికి ఎవరును పోరాదు.

ఫ్రిజ్ విషయమున ఈ నిమిషపు లెక్క పనికిరాదు. అది కాసేపు నడచి, కాసేపు ఊరకుండును. దానికి ప్లగ్గునకును గోడకును నడుమ పెట్టు చిన్న మీటరు దొరకును. ఒక పూర్తి దినమైనను ఉంచి చూడవలెను.

పొలములోని మోటారు కథ వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల నుండి ఆ మోటారుకు యూనిట్లనుబట్టి కాక హార్సుపవర్‌ను బట్టి రుసుము కట్టిరి. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చెను. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి అది 24 గంటల సరఫరా అయ్యెను. బోరు బోరుకు మీటరు లేదు. ఎంపిక చేసిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, వానినుండి మిగిలినవాని వాడకమును అంచనా కట్టుదురు. పాలమూరు రాతినేలలో ఒక బోరున నీరు పైనే అందును, పక్క చేనిలో ఎంతో లోతునకు పోవును. రెండు మోటార్లపై అంకె ఒకటే యైనను వాడకము ఒకటి కాదు. ఆ అంచనాలోని తేడాను ఖజానా మోయును. కిరాయి ఇంటిలో ఆ తేడా పొరుగువారి చేతినుండి పోవును.

ఒకమారు కొలిచి సంవత్సరమంతయు అదే లెక్క పట్టుకొనుటయు సరికాదు. ఎండకాలమున బోరు నీరు దిగి, అరగంటలో నిండు ట్యాంకు ముప్పావుగంట పట్టవచ్చును. మిణుకులు మారకున్నను నెలకు 23 యూనిట్లు దాటును. కావున చైత్రమున గడియారము మరల చూడవలెను.